ఊడబెరికే ముందు ఒక్క నిమిషం

కంప్యూటర్ ఆపకుండానే లోపలి హార్డ్‌డిస్కు మార్చవచ్చు. అయితే ముందుగా కంప్యూటర్‌ను ఒప్పించాలి

పెళ్లిళ్ల సీజనులో ఏ చిన్న పట్టణంలోనైనా ఫొటో స్టూడియో వెనక గదిలోకి తొంగిచూస్తే ఇలాంటి దృశ్యం కనిపించవచ్చు. బల్ల కింద సీపీయూ పెట్టెకు పక్క రేకు ఉండదు. దాన్ని చివరిసారి ఎప్పుడు బిగించారో ఎవరికీ గుర్తుండదు. లోపలి నుంచి రెండు కేబుళ్లు బయటికి వేలాడుతుంటాయి. వాటి చివర, అట్టముక్క మీద ఒక హార్డ్‌డిస్కు. పక్కనే మరో నాలుగు డిస్కులు, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో రాసిన ఊరి పేరు, ముహూర్తం తేదీ. తెర మీద ఏదో పెళ్లి వీడియో తయారవుతుంటుంది. పూర్తవడానికి ఇంకో మూడు గంటలు పడుతుంది. ఇంతలో వేరే పెళ్లివారు ఆల్బం కోసం వచ్చి కూర్చుంటారు. వారి ఫొటోలున్నది మరో డిస్కులో. కంప్యూటర్ ఆపితే వీడియో మళ్లీ మొదటికొస్తుంది, ఆపకపోతే ఆల్బం లేదు. ‘‘రెండు నిమిషాలన్నా, చూపించేస్తాను’’ అంటూ కుర్రాడు కిందికి వంగి, నడుస్తున్న డిస్కు కేబుళ్లు పీకి రెండోదానికి తగిలిస్తాడు.

చాలాసార్లు ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే అసలు చిక్కు, ఎందుకంటే అలవాటు అలాగే ముదురుతుంది. ఏ యాభయ్యోసారో తెర మీద ఒక ప్రశ్న ప్రత్యక్షమవుతుంది: ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? డిస్కు తిరుగుతూనే ఉంటుంది, చప్పుడూ మామూలుగానే వస్తుంటుంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రం చెడిపోయి ఉంటుంది. పోయింది సినిమా అయితే మళ్లీ తెచ్చుకోవచ్చు. పెళ్లి అయితే తలంబ్రాలు రెండోసారి పోయించడం ఎవరి తరమూ కాదు.

ఇది స్టూడియోలకే పరిమితమైన అలవాటు కాదు. పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నవారు, ఇంట్లోనే దుకాణం లెక్కలు చూసుకునేవారు, పాటలు, సినిమాలు పోగేసేవారు, అందరి దగ్గరా నాలుగైదు డిస్కులు చేరాయి. క్యాబినెట్‌లో చోటు మాత్రం రెండింటికో మూడింటికో. మరి కంప్యూటర్ నడుస్తుండగా ఒకటి తీసి ఇంకొకటి పెట్టవచ్చా? పెట్టవచ్చు. అందుకు డిస్కు కనెక్టరు, మదర్‌బోర్డు, ఆపరేటింగ్ సిస్టమ్ మూడూ ఒప్పుకోవాలి. మొదటి రెండింటి ఒప్పుదల ఏళ్ల క్రితమే దొరికింది. మూడోది ప్రతిసారీ అడిగి తీసుకోవాల్సిందే.

పాతకాలపు డిస్కులకు ఈ ప్రశ్నే లేదు. వెడల్పాటి రిబ్బన్ లాంటి కేబులు, 40 పిన్నులు, ఒకే కేబులు మీద మాస్టర్, స్లేవ్ అంటూ రెండు డిస్కులు. ఐడీఈ అని పిలిచే ఆ ఏర్పాటులో నడుస్తున్న డిస్కును లాగితే అదే కేబులు మీదున్న రెండోది కూడా తికమకపడేది. దాని నాలుగు పిన్నుల పవర్ ప్లగ్గులో 12 వోల్టులు, 5 వోల్టులు, రెండు గ్రౌండులు ఉండేవి. పెట్టేటప్పుడు చేయి కాస్త వంకరగా వస్తే ఏది ముందు తగులుతుందో చెప్పలేం. గ్రౌండు తగలకముందే 12 వోల్టులు తగిలితే ఆ కరెంటు డేటా పిన్నుల మీదుగా దారి వెతుక్కునే ప్రమాదం ఉండేది. అలా కాలిన మదర్‌బోర్డులను చూసిన మెకానిక్కులు నేటికీ ‘ఆన్‌లో ముట్టుకోవద్దు’ అంటారు. వారి కాలానికి అది నూటికి నూరుపాళ్లూ నిజం. ఇప్పటికీ ఎక్కడైనా ఐడీఈ డిస్కు మిగిలి ఉంటే దాని విషయంలో ఆ మాటే వేదం.

నడుస్తుండగా డిస్కు మార్చే అవసరం ముందుగా వచ్చింది సర్వర్లకు. ఒక డిస్కు చెడినా పని ఆగకుండా ఉండాలంటే చౌక డిస్కులను ఒక గుంపుగా వాడాలన్న ఆలోచనను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ 1988లో ఒక పత్రంలో ముందుకు తెచ్చారు. రెయిడ్ అన్న పేరు అక్కడిదే. చెడిన డిస్కును మార్చడానికి సర్వరునే ఆపాల్సివస్తే ఆ ఏర్పాటులో సగం ప్రయోజనం పోతుంది. అందుకే సర్వర్లలో డిస్కులు ట్రేలలోకి, పిడి పట్టుకుని లాగే సొరుగుల్లోకి మారాయి.

ఆ సౌకర్యం ఇంటి కంప్యూటర్‌కు అందింది 2003 ప్రాంతంలో, సాటా డిస్కులతో. సన్నటి కేబులు, ఒక్కో డిస్కుకు ఒక్కో దారి. మాస్టర్, స్లేవ్ గొడవ పోయింది. చాలామంది గమనించని మార్పు మాత్రం పిన్నుల పొడవులో ఉంది. సాటా డిస్కు వెనకవైపు వెలుతురులో పట్టుకుని చూస్తే బంగారు రంగు రేకులన్నీ ఒకే గీతలో ఉండవు. కొన్ని అంచు దాకా వస్తాయి, కొన్ని కాస్త వెనక్కి ఆగుతాయి. డేటా వైపున్న ఏడింటిలో మూడు గ్రౌండు పిన్నులు. అవి ముందు తగులుతాయి. పవర్ వైపు 15 ఉంటాయి. అక్కడా గ్రౌండుకే తొలి తాంబూలం. వోల్టేజీ పిన్నుల్లో కొన్ని మిగిలినవాటికంటే ఒక్క అడుగు ముందుంటాయి. డిస్కు బోర్డు మీది కెపాసిటర్లు ఒక్కసారిగా గుక్కెడు కరెంటు లాగి పక్క డిస్కును కుదుపుకు గురిచేయకుండా, వాటిని ముందుగా మెల్లగా నింపడం వీటి పని. చేతి కదలికలో సెకనులో చిన్న భాగంలో జరిగిపోయే తతంగమిది. లాగేటప్పుడు వరుస తిరగబడుతుంది, గ్రౌండు అందరికంటే చివర వదులుతుంది. అంటే ప్లగ్గును తయారు చేసినవారే ‘దీన్ని ఎవరో ఒకరు ఆన్‌లో లాగుతారు’ అని ముందే ఊహించారు.

కనెక్టరు ఒప్పుకున్నంత మాత్రాన మదర్‌బోర్డు ఒప్పుకున్నట్టు కాదు. తొలినాళ్ల సాటా బోర్డులు కొత్త డిస్కును పాత ఐడీఈ వేషంలో నడిపేవి. ఆ పద్ధతిలో కంప్యూటర్ ఆన్ అయినప్పుడు కనిపించినవే డిస్కులు, తర్వాత వచ్చినవాటిని పట్టించుకోదు. ఇంటెల్ 2004లో ప్రకటించిన ఏహెచ్‌సీఐ పద్ధతి వచ్చాకే ‘ఎవరో వచ్చారు, ఎవరో వెళ్లారు’ అన్న కబురు పోర్టు నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరడం మొదలైంది. విండోస్ ఎక్స్‌పీకి దాని డ్రైవరు సొంతంగా లేదు, ఫ్లాపీలో పెట్టి ఇవ్వాల్సివచ్చేది. 2007 నాటి విస్టా నుంచి ఆ లోటు తీరింది. ఇప్పటి బోర్డుల్లో బయోస్‌లోకి వెళితే చాలావాటిలో ఒక్కో సాటా పోర్టు ఎదుట ‘హాట్ ప్లగ్’ అన్న మాట కనిపిస్తుంది. మార్చాలనుకున్న డిస్కు పోర్టుకు దాన్ని ఎనేబుల్ చేస్తే సరి. ఆ తర్వాత విండోస్ ఆ డిస్కును పెన్‌డ్రైవ్‌లాగే చూస్తుంది. గడియారం పక్కన ‘సేఫ్‌లీ రిమూవ్’ జాబితాలో దాని పేరు చేరుతుంది. పేరు కనిపించిందంటే మదర్‌బోర్డు ఒప్పుకున్నట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత కంప్యూటర్‌లో బయోస్ ఇంకా ఐడీఈ పద్ధతిలో ఉందని కనిపెట్టి, ఉత్సాహంగా ఏహెచ్‌సీఐకి మారిస్తే అప్పటికే ఎక్కించిన విండోస్ నీలి తెర చూపించి మొరాయించే అవకాశం ఎక్కువ. తిరిగి మారిస్తే మామూలవుతుంది. గుండె ఆగినంత పని మాత్రం అవుతుంది.

డిస్కులు పాడయ్యేది మాత్రం ఎక్కువగా మూడో ఒప్పందం దగ్గరే. ఫైలు కాపీ అయిపోయిందని తెర చెప్పినప్పుడు అది నిజంగా డిస్కు మీదికి చేరిందని అర్థం కాదు. కంప్యూటర్ వేగం కోసం అబద్ధమాడుతుంది. రాయాల్సిన సమాచారాన్ని కొంతసేపు తన మెమరీలో ఉంచుకుని, తీరిక చూసుకుని డిస్కుకు పంపుతుంది. డిస్కు కూడా తక్కువదేం కాదు. దాని బోర్డు మీదా సొంత మెమరీ ఉంటుంది. నేటి డిస్కుల్లో 64, 128, 256 మెగాబైట్లు మామూలు. అందిన సమాచారాన్ని అందులో పేర్చుకుని ‘రాసేశాను’ అని కంప్యూటర్‌కు చెబుతుంది. తపాలా పెట్టెలో వేసిన ఉత్తరాన్ని అందిన ఉత్తరంగా లెక్కేయడం లాంటిదే ఇది. ఆ వ్యవధిలో కేబులు పీకితే దారిలో ఉన్న ఉత్తరాలు గల్లంతు.

పోయేది చివరి ఫైలు ఒక్కటే అయితే అంత బాధ లేదు. దారిలో ఉన్నది ఫైళ్ల చిరునామాల పట్టికలో ఒక ముక్క అయితే డిస్కు మొత్తానికీ ముప్పు. విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఆ పట్టికలో చేయబోయే మార్పులను ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటారు. మధ్యలో కరెంటు పోయినా, తిరిగి వచ్చాక చిట్టా చూసుకుని సర్దుకుంటుంది. అది కాపాడేది పట్టికను, అందులోని ఫొటోను కాదు. పేరు, సైజు సరిగ్గా ఉండి, తెరిస్తే సగం నుంచి బూడిద రంగు కనిపించే ఫొటోలకు ఇదీ ఒక కారణమే. పెద్ద మెమరీ కార్డులు, చాలా బయటి డిస్కులు వాడే ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ చిట్టా కూడా లేదు.

ఇంట్లో ఉన్నఫళంగా డిస్కు పీకడానికి జంకేవారు కూడా యూపీఎస్ లేకుండా కంప్యూటర్ నడుపుతుంటారు. కరెంటు కోత చేసేది సరిగ్గా ఇదే పని, అదీ అన్ని డిస్కులకూ ఒకేసారి. మన ఊళ్లలో ఎన్ని హార్డ్‌డిస్కుల చావుకు ట్రాన్స్‌ఫార్మర్ కారణమో లెక్క తీసినవారు లేరు.

కాబట్టి డిస్కు తీయడమంటే ముందుగా దాన్ని వాడుతున్నవారందరినీ ఖాళీ చేయించడం. ఆ డిస్కులోని ఫొటో తెరిచి ఉన్న కిటికీ, పాట వాయిస్తున్న ప్లేయరు సరే, కనిపించని అద్దెదారులూ ఉంటారు. యాంటీవైరస్ వెనక నుంచి ఫైళ్లు తిరగేస్తుంటుంది. వెతుకులాట సులువు కావడానికి విండోస్ సూచిక తయారు చేస్తుంటుంది. ఫొటోషాప్, వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాములు తమ చిత్తు పనికి ఆ డిస్కునే వాడుకుంటుండవచ్చు. ఎవరో ఒకప్పుడు వేగం పెరుగుతుందని పేజ్ ఫైలును అందులో పెట్టి ఉండవచ్చు. ఇలాంటప్పుడు ‘సేఫ్‌లీ రిమూవ్’ నొక్కితే ‘పరికరం వాడకంలో ఉంది’ అన్న సందేశం వస్తుంది. చాలామందికి అది చిరాకు. రెండుసార్లు నొక్కి, విసుగొచ్చి, పీకేస్తారు. వినాల్సిన మాట అదొక్కటే. ప్రోగ్రాములు మూసినా అదే సందేశం వస్తుంటే ఆ పూటకు కంప్యూటర్ ఆపి మార్చుకోవడమే మర్యాద.

జాబితాలో డిస్కు పేరే లేనప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, ఆ డిస్కు మీద రైట్ క్లిక్ చేసి ‘ఆఫ్‌లైన్’ ఎంచుకోవచ్చు. మెమరీలో మిగిలినదంతా అప్పుడు డిస్కుకు చేరుతుంది, డ్రైవ్ అక్షరం మాయమవుతుంది. ఏ డిస్కు మీద నొక్కుతున్నారో పేరు, సైజు రెండుసార్లు చూసుకోవాలి. ఒకే కంపెనీ, ఒకే సైజు డిస్కులు రెండుంటే లేబుల్ మీది సీరియల్ నంబరే శరణ్యం. లోపలున్నది ఏదో తెలిసేలా ఒక్కోదానికి ఒక్కో రంగు స్టిక్కరు అంటిస్తే మరీ మంచిది. లైనక్స్ వాడేవారికి పని సులువు. ఉబుంటులో డిస్క్స్ అనే ప్రోగ్రాములో అన్‌మౌంట్ చేశాక పవర్ ఆఫ్ బటన్ ఉంటుంది.

ఆ తర్వాత చేతికి పని. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. సాధారణ డిస్కులో పళ్లాలు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంటాయి, అంటే సెకనుకు 120. వాటి మీద తలలు కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతుంటాయి. మనిషి వెంట్రుక మందం వేల నానోమీటర్లలో ఉంటుంది. పవర్ పోగానే తలలు పక్కకు తప్పుకోవాలి. కరెంటు లేకుండా ఎలా? తిరుగుతున్న పళ్లాల ఊపునే జనరేటరుగా వాడుకుని, ఆ కాస్త విద్యుత్తుతో తలలను వాటి గూటికి చేర్చేలా డిస్కును తయారు చేశారు. ఇది తెలివైన ఏర్పాటే కానీ అత్యవసరానికి ఉద్దేశించింది, రోజూ వాడుకకు కాదు. పైగా తలలు గూటికి చేరినా పళ్లాలు ఆగడానికి ఇంకా కొన్ని సెకన్లు పడుతుంది. తిరుగుతున్న బొంగరాన్ని చేతిలో వంచితే ఎదురు తిరిగినట్టు, ఆ సమయంలో డిస్కును పైకెత్తి తిప్పితే మణికట్టుకు తెలిసేంత బలంగా గింజుకుంటుంది. ఆ బలమంతా లోపలి బేరింగుల మీద పడుతుంది. ‘సేఫ్‌లీ రిమూవ్’ చాలావరకు మోటారును కూడా ఆపుతుంది. ‘ఆఫ్‌లైన్’ మాత్రం ఆపదు. అందుకే కేబుళ్లు తీశాక డిస్కును ఉన్నచోటే అర నిమిషం వదిలేయాలి. చేయి ఆనిస్తే సన్నటి వణుకు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోవడం తెలుస్తుంది. ఆగాకే పైకెత్తాలి.

తీసేటప్పుడు ముందు డేటా కేబులు, తర్వాత పవర్. పెట్టేటప్పుడు తిరగేసి, ముందు పవర్, మోటారు పూర్తి వేగం అందుకున్నాక డేటా. అలా చేస్తే గ్రౌండు ఎప్పుడూ ముందుంటుంది, కంప్యూటర్‌కు కనిపించే సరికి డిస్కు సిద్ధంగానూ ఉంటుంది. కేబులును పట్టుకుని కాకుండా ప్లగ్గును పట్టుకుని, అటూ ఇటూ ఊపకుండా తిన్నగా లాగాలి. క్యాబినెట్ లోపలి సాటా కేబులు ప్లగ్గులు సుమారు 50 సార్లు తీసి పెట్టడానికే ఉద్దేశించినవి. బయటివైపు వాడకానికి తెచ్చిన ఈ-సాటాకైతే ఆ లెక్క 5 వేలు. రోజుకు రెండుసార్లు మార్చే స్టూడియోలో ఒక కేబులు నిర్ణీత ఆయువు నెల రోజులు కూడా కాదన్నమాట. వదులైన ప్లగ్గు వల్ల వచ్చే తప్పులను డిస్కు తప్పులనుకుని కొత్త డిస్కు కొన్నవారూ ఉంటారు.

ఎర్తింగ్ సంగతి విడిగా చెప్పుకోవాలి. మన ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్గు పాయింటు ఉంటుంది కానీ మూడోదాని వెనక వైరు ఉంటుందన్న నమ్మకం లేదు. ఎర్త్ లేని చోట కంప్యూటర్ క్యాబినెట్‌ను వేలి వెనకవైపుతో రాస్తే చిమచిమలాడుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టరు కెపాసిటర్ల వల్ల 230 వోల్టుల్లో దాదాపు సగం ఆ రేకు మీద తేలుతుండటమే కారణం. ఆ కరెంటు చాలా స్వల్పం కాబట్టి సాధారణంగా మనిషికి ప్రాణభయం లేదు, చేతిలోని డిస్కు బోర్డుకు మాత్రం మంచిది కాదు. ఇలా చిమచిమలాడే కంప్యూటర్‌లో, ఎర్త్ సరిచేయించే దాకా ఆన్‌లో దేన్నీ ముట్టుకోకూడదు. ఎర్త్ బాగుంటే రంగు వేయని రేకును ఒకసారి తాకి ఒంటిమీది స్టాటిక్ వదిలించుకోవడం సరిపోతుంది. స్టాటిక్ సుమారు 3 వేల వోల్టులు దాటితే గానీ మనిషికి తెలియదు, చిప్పులకు అంతకంటే చాలా తక్కువే ఎక్కువ. విశాఖ ఉక్కపోతలో ఈ బెడద తక్కువ, రాజస్థాన్ చలికాలపు పొడిగాలిలోనూ, ఏసీ గదిలో తివాచీ మీదా ఎక్కువ. డిస్కును పక్కల నుంచి పట్టుకోవాలి, కింది ఆకుపచ్చ బోర్డును తాకకూడదు. స్క్రూలు ముందే, కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడే తీసి పెట్టుకోవాలి. నడుస్తున్న మదర్‌బోర్డు మీద జారిపడే స్క్రూ కంటే ఖరీదైన స్క్రూ మరొకటి ఉండదు.

కొన్నింటిని అసలు ముట్టుకోకూడదు. విండోస్ ఉన్న డిస్కును నడుస్తుండగా తీయడమంటే కూర్చున్న కొమ్మను నరకడమే. ఎన్‌వీఎంఈ అని పిలిచే, చూయింగ్ గమ్ రేకు సైజు డిస్కులు మదర్‌బోర్డు మీది ఎం.2 గాడిలో కూర్చుంటాయి. సర్వర్ల కోసం చేసిన వేరే రకాలకు ఆ వెసులుబాటు ఉంది కానీ ఇంటి బోర్డు మీది ఎం.2కి లేదు. పవర్ పూర్తిగా ఆపి, ప్లగ్గు తీసి మార్చాల్సిందే. పాత నాలుగు పిన్నుల ప్లగ్గును సాటాకు మార్చే చౌక అడాప్టర్లలో, ప్లాస్టిక్ మొత్తంగా పోతపోసి చేసిన రకం లోపల షార్టయి కాలిన ఉదంతాలు చాలా ఉన్నాయి. ఒక ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన విడి కేబుళ్లను వేరే కంపెనీ దానికి పెట్టకూడదు. ప్లగ్గు సరిపోతుంది, లోపలి వైర్ల వరుస మారుతుంది, డిస్కు అక్కడికక్కడే పోతుంది.

ఇవన్నీ చదివాక ‘ఎందుకొచ్చిన గొడవ, ఆపి మార్చుకుంటే పోలా’ అనిపిస్తే అది మంచి ఆలోచనే. ఇంట్లో కంప్యూటర్‌ను రెండు నిమిషాలు ఆపితే కొంపలేం మునగవు. కాకపోతే ఆపడం కూడా మునుపటిలా లేదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కితే కంప్యూటర్ సగం నిద్రలోకి వెళుతుంది. డిస్కుల పట్టికల పరిస్థితిని గుర్తుంచుకుని పడుకుంటుంది. ఈలోగా ఒక డిస్కు తీసి మరో కంప్యూటర్‌లో నాలుగు ఫైళ్లు రాసి తెచ్చి పెడితే, లేచిన విండోస్ తనకు గుర్తున్న పాత పట్టికనే నమ్ముతుంది. కొత్త ఫైళ్లు పోవచ్చు, డిస్కే తికమకపడవచ్చు. నడుస్తుండగా పద్ధతిగా తీసిన డిస్కు కంటే, ఆపేశామనుకుని తీసిన డిస్కుకే ఇక్కడ ముప్పు ఎక్కువ. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేస్తే పూర్తిగా ఆగుతుంది. లేదా కంట్రోల్ ప్యానెల్‌లో ఫాస్ట్ స్టార్టప్‌నే తీసేయవచ్చు. స్లీప్‌లో ఉన్న కంప్యూటర్‌లో మాత్రం ఎప్పుడూ వేలు పెట్టకూడదు. తెర నల్లగా ఉంటుంది, లోపల కరెంటు ఉంటుంది.

తరచూ మార్చక తప్పనివారికి మార్గం వేరే ఉంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగినా, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో అడిగినా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగినా మొబైల్ ర్యాక్ అనే చిన్న సొరుగు దొరుకుతుంది. సీడీ డ్రైవ్ ఉండే చోట దాన్ని బిగిస్తారు. కేబుళ్లు దాని వెనక శాశ్వతంగా ఉండిపోతాయి. డిస్కు పట్టాల మీద తిన్నగా జారి వెళ్లి కూర్చుంటుంది కాబట్టి పిన్నులు అనుకున్న వరుసలోనే తగులుతాయి. ఇలాంటి సాకెట్లు మామూలు కేబులు కంటే చాలా ఎక్కువసార్లు తీసి పెట్టడానికి తట్టుకుంటాయి. ఖరీదు ఒక కొత్త డిస్కు ధరలో చిన్న భాగం. ఇటీవలి క్యాబినెట్లలో సీడీ డ్రైవ్‌కు చోటే ఉండటం లేదు, అలాంటప్పుడు యూఎస్‌బీ డాక్ అదే పని చేస్తుంది. ఏది వాడినా సాఫ్ట్‌వేర్ అనుమతి తీసుకోవడం మాత్రం తప్పదు. ర్యాక్ పిడి లాగడానికి వీలుగా ఉంది కదా అని విండోస్‌కు చెప్పకుండా లాగితే కథ మళ్లీ మొదటికే.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా ఆ ఫార్మాట్ ప్రశ్న ఎదురైతే ‘క్యాన్సిల్’ నొక్కాలి. తర్వాత ఆ డిస్కు మీద ఏమీ రాయకూడదు, రిపేరు ప్రోగ్రాములూ నడపకూడదు. అవి డిస్కు మీదే రాస్తాయి. కేబులు మార్చి, కంప్యూటర్ పూర్తిగా ఆపి మరోసారి చూడాలి. కేవలం పట్టిక చెడితే ఫైళ్లు చాలావరకు తిరిగి వస్తాయి. ముందుగా డిస్కు మొత్తాన్ని మరోదాని మీదికి కాపీ తీసుకుని, ఆ కాపీ మీద ప్రయోగాలు చేయాలి. టకటకమన్న శబ్దం వస్తుంటే మాత్రం పవర్ తీసేసి నిపుణుల దగ్గరికి వెళ్లాలి. వారు అడిగేది చాలాసార్లు డిస్కు ధరకు ఎన్నో రెట్లుంటుంది.

ఇంట్లో డిస్కు మార్చడానికి అన్నింటికంటే సరైన కారణం బ్యాకప్. ఒకే సైజు డిస్కులు రెండు. ఒకటి కంప్యూటర్‌లోని ర్యాక్‌లో, రెండోది ఊరి అవతల బావమరిది ఇంటి బీరువాలో. ఇంట్లో దొంగలు పడినా, పిడుగు పడినా బీరువాలోది మిగులుతుంది. ఒకటి రెండోదానికి అచ్చమైన నకలుగా తయారు చేసి, రెండింటినీ ఒకేసారి తగిలిస్తే మాత్రం విండోస్ గుర్తింపు సంఖ్య ఒకటేనని ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది. కంగారుపడి ఫార్మాట్ చేయకూడదు. ఒక్కోటి విడిగా పెట్టి, ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే ఆ గొడవ ఉండదు. పండక్కో పబ్బానికో వెళ్లినప్పుడు డిస్కులు మారిపోతాయి. సంచిలో పెట్టే ముందు కొత్త కాపీలోంచి ఏవైనా నాలుగు ఫొటోలు, ఒక వీడియో చివరి నిమిషం తెరిచి చూసుకోవాలి. అవి తెరుచుకుంటే ‘సేఫ్‌లీ రిమూవ్’ నొక్కి, వణుకు ఆగేదాకా ఉండి, స్టిక్కరు మీద పాత తేదీ కొట్టేసి కొత్తది రాయాలి.